బల్ల కింది వాల్వు

సూరయ్యకు తెల్ల టోపీ ఇచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు.

మా ఊళ్లో లైట్ రైలు పని మొదలై ఎనిమిది నెలలైంది. స్టేషను దగ్గర్నుంచి పెద్దబజారు మీదుగా కొత్త ఎయిర్‌పోర్టు రోడ్డు వరకు, స్తంభాల మీద రెండు పెట్టెల రైలు నడుస్తుందట. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. కూలీలకు, మిషను నడిపేవాళ్లకు పసుప్పచ్చ ప్లాస్టిక్ టోపీ. ఇంజనీర్లకు తెల్లది. ఎవరు చెప్పాలో, ఎవరు వినాలో టోపీ చూస్తే తెలిసిపోతుంది. మరి సూరయ్య ఎవడు? మునిసిపాలిటీ నీళ్ల విభాగంలో ఫిట్టరు. అదీ నా కింద ఫిట్టరు. నేను హెడ్ ఫిట్టర్ని, పేరు జగన్నాధం, ముప్పై అయిదేళ్ల సర్వీసు. నా బోడితలకి ఎండ, వాడి తలకి తెల్ల టోపీ!

వాడు పరాయివాడైనా అంత మండేది కాదు. నా భార్య నీలవేణికి పినతండ్రి కొడుకు. పాతపట్నం అవతల పల్లెలో పనీపాటా లేకుండా తిరుగుతుంటే నేనే తీసుకొచ్చి ఉద్యోగంలో పెట్టించాను. గునపం నేలలో దింపి, పై కొనకు చెవి ఆనించి, భూమిలో ఏ గొట్టం ఎక్కడ కారుతోందో వినడం నేనే నేర్పాను. మొదట్లో వాడికి గునపంలో వాడి గుండె చప్పుడు తప్ప మరేమీ వినపడేది కాదు. అలాంటివాడు ఏకులా వచ్చి మేకై కూర్చున్నాడు.

అయితే మొదటి తప్పు నాదే, ఒప్పుకుంటాను. సుహాసిని అనే ఇంజనీరమ్మాయి, శ్రీకాకుళం పిల్ల, ఒకరోజు మా ఆఫీసుకు వచ్చింది. రోడ్డు కింద నీళ్ల గొట్టాలు, కేబుళ్లు ఎక్కడెక్కడున్నాయో తేల్చడం, స్తంభాలకు అడ్డొచ్చేవాటిని పక్కకు మార్పించడం ఆమె పని.

“బజారు కింద లైన్లు ఎలా వెళ్తాయో కాస్త చూపిస్తారా అండీ?” అని అడిగింది.

నేను కుర్చీలోంచి కదల్లేదు. “కాగితం ఎట్టండమ్మా. పైనుంచి ఆర్డరు రావాల. అది వొస్తే అప్పుడు సూద్దాం,” అన్నాను.

నాలుగుసార్లు తిప్పితే గానీ మనిషి విలువ తెలియదని నా నమ్మకం. ఆమె సరేనండీ అని బయటికి వెళ్లింది. బయట సూరయ్య సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాడు.

“రండమ్మా, నాను సూపిస్తాను. ఇప్పుడే ఎల్దాం,” అన్నాడు.

అంతే. నా విలువ ఆ సైకిలు వెనకాలే వెళ్లిపోయింది.

ఆ తర్వాత చూడాలి వైభోగం. చిన్నపిల్లల తోపుడుబండి లాంటి మిషను ఒకటి తెచ్చి రోడ్డంతా నడిపించారు. నేల లోపల ఏముందో అది తెర మీద చూపిస్తుందట. దాని పక్కన సూరయ్య. వాడు సున్నంతో గీత గీస్తే వెనకాల ఇద్దరు ఫొటోలు తీయడం. ఆమె నోట “సూరయ్యగారూ, సూరయ్యగారూ” అని పిలుపు. ఎండగా ఉంటే వాడికి కుర్చీ, కుర్చీలో కూర్చుంటే మజ్జిగ. చివరికి ఒకనాడు పేపర్లో కూడా పడ్డాడు, తెల్ల టోపీతో, వేలు నేలకు చూపిస్తూ. ‘పట్టణం కింద పట్టణాన్ని చూసిన మనిషి’ అని రాశారు పైన. ఆ పట్టణాన్ని వాడికి చూపించిందెవరో రాయాలని ఒక్కడికీ తోచలేదు.

నీలవేణి ఆ ఫొటో కత్తిరించి బీరువా అద్దానికి అంటించింది. నేను రోజూ గెడ్డం గీసుకునేది ఆ అద్దంలోనే.

“మా తమ్ముడు దొరబాబులాగున్నాడు కదేటి?” అంది.

“ఆ టోపీ ఎడితే గాడిదైనా దొరబాబులాగే ఉంటాది,” అన్నాను.

“నీకు ఓర్వలేనితనం మావా. ఆడు నీ శిష్యుడే కదా, నీకూ గొప్పే కదా,” అంది.

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. అదే చెట్టు పక్కింటి పెరట్లో ఉంటే మాత్రం ఆకు ఆకుకీ దండం పెడతారు. ఆ రోజు నేను గెడ్డం సగం గీసుకుని ఆఫీసుకు వెళ్లిపోయాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు పని నేర్పింది నరసింగరావు మేస్త్రీ. ఆయన పోయి పన్నెండేళ్లయింది. ముప్పై నాలుగేళ్ల కిందట కొండ మీద రిజర్వాయరు నుంచి బజారుకి పద్నాలుగు అంగుళాల మెయిన్ వేసినప్పుడు ఆయనా నేనూ దగ్గరుండి వేశాం. బజారు మొగలో అప్పుడు గోగునార గోడౌను ఉండేది. దాని ముందు బళ్లు తూచే కాటా, దాని కింద లోతైన గొయ్యి. గొట్టం తిన్నగా వెళ్లడానికి వీల్లేక, గోడౌను చుట్టూ వంపు తిప్పి, కాటా గోతికన్నా లోతుగా దింపి వేశాం. ఆఫీసు మ్యాపులో మాత్రం తిన్నగానే ఉంది, ఎందుకంటే మ్యాపు ముందు గీశారు, గొట్టం తర్వాత వేశారు. ఆ తర్వాత గోడౌను కూల్చేశారు, కాటా గొయ్యి పూడ్చేశారు, రోడ్డు మూడుసార్లు ఎత్తు లేపారు. ఇప్పుడా గొట్టం తొమ్మిదడుగుల లోతులో ఉంది. దానికి ఎగువన ఇరవై గజాల దూరంలో ఒక వాల్వు ఉంది. దాని మీద రాతి పలక, పలక మీద నారాయణమ్మ టీకొట్టు బల్ల.

మేస్త్రీ ఆ రోజు నాతో అన్నాడు: “ఒరే జగ్గా, శిష్యులకి అన్నీ నేర్పు. ఒక్కటి మాత్రం దాసుకో. అన్నీ సెప్పీసినోణ్ణి రిటైరైనాక కుక్క కూడా పిలవదు. ఈ వాల్వు నీది.”

మా వృత్తిలో ఇది అందరూ చేసేదే. ప్రతి ముసలి ఫిట్టరు దగ్గరా ఇలాంటిది ఒకటి ఉంటుంది. దసరా ఆయుధపూజకి అందరం స్టోరు గదిలో గునపాలకూ స్పానర్లకూ బొట్లు పెడతాం. ఆ పూజయ్యాక నేను ఒక్కణ్నే నారాయణమ్మ కొట్టుకు వెళ్లి, బల్ల జరిపి, పలక లేపి, నా వాల్వుకు గ్రీజు రాసి, రెండు తిప్పులు ఇటూ రెండు తిప్పులు అటూ తిప్పి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి వస్తాను. ఏడాదికోసారి తిప్పని వాల్వు పట్టేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క దసరా తప్పలేదు. ఆ పిచ్చి ముసలమ్మ నేనేదో మొక్కు తీర్చుకుంటున్నానని అనుకుంటుంది.

దసరా వెళ్లిన మూడు వారాలకు, ఒక మంగళవారం పొద్దున్నే, సూరయ్య నన్ను వెతుక్కుంటూ ఆ కొట్టుకే వచ్చాడు. టోపీ చంకలో పెట్టుకుని, రెండు టీలు చెప్పి, నా పక్కన ఆ బల్ల మీదే కూర్చున్నాడు.

“బావా, ముప్పై ఒకటో స్తంభం పాత గోడౌను పక్కన వస్తాది. మ్యాపులో లైను దానికి దూరంగా ఉన్నాది. ఆరడుగులు తవ్వి సూసాం, ఏటీ తగల్లేదు. ఆ మిషనుకి తడి బంకమట్టిలో అంతకన్నా లోతు కనపడదంట. నానొచ్చినకాడికి గోడౌను లేదు కదా. అక్కడ లోపల ఏటైనా ఉన్నాదేటి?”

కప్పులోంచి ఆవిరి వస్తోంది. నేను దాన్నే చూస్తున్నాను. నా కాళ్ల కిందే ఉంది వాల్వు. చెప్పడానికి ఒక్క మాట చాలు. చెబితే ఏమవుతుంది? స్తంభం నాలుగు గజాలు జరుగుతుంది. సూరయ్యగారు కనిపెట్టారని ఇంకో ఫొటో పడుతుంది. నీలవేణి దాన్ని కూడా అద్దానికి అంటిస్తుంది. నాకు ఇక గెడ్డం గీసుకునే చోటు కూడా మిగలదు.

“ఏటుంటాదిరా అక్కడ? మట్టి,” అన్నాను.

“గట్టిగానే సెప్తన్నావు కదా?”

“ముప్పై అయిదేళ్ల నుంచి సూస్తన్నాను. మట్టే.”

వాడి మొహం విప్పారింది. “నువ్వు సెప్పినాక ఇంకేటి బావా. అక్కడేటీ లేదని సంతకం ఎట్టీస్తాను,” అని టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

నాకు కాస్త గుబులు పుట్టకపోలేదు. కానీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏమవుతుంది? గొట్టం పగులుతుంది, బజారు తడుస్తుంది, ఒక పూట నీళ్లు రావు. వాడి టోపీ ఊడుతుంది. అంతకన్నా ఏమీ లేదు కదా! ఆ మూడు రోజులూ నేను కడుపునిండా తిన్నాను. నీలవేణి ఆశ్చర్యపోయి రెండోసారి కూర వడ్డించింది.

శుక్రవారం పొద్దున్న ముప్పై ఒకటో స్తంభానికి బోరు వేస్తారని తెలిసి, ఎనిమిదింటికే వెళ్లి నారాయణమ్మ బల్ల మీద కూర్చున్నాను. ఎందుకో దాచడం దేనికి? వాడి మొహం ఎలా మారుతుందో చూద్దామని వెళ్లాను.

బోరు మిషను నడిపేది గరివిడి డేవిడ్‌రాజు. నెమ్మదైన మనిషి, మిషను ఎక్కే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. ఆ రోజూ చేసుకున్నాడు. తర్వాత పెద్ద మర నేలలోకి దిగడం మొదలెట్టింది. నల్లమట్టి పైకి వచ్చి కుప్పపడుతోంది. సూరయ్య తెల్ల టోపీ సరిచేసుకుంటూ మిషనుకు కాస్త దూరంలో నిలబడ్డాడు. ఆ పక్కనే సుహాసిని కాగితాలు పట్టుకుని ఉంది. నేను రెండో టీ చెప్పాను.

టీ చేతికి అందేలోపల నేల కింద నుంచి పెద్ద గంట పగిలినట్టు చప్పుడైంది. నాకు తెలుసు అదేమిటో. పోత ఇనుము విరిగితే అలాగే మోగుతుంది. మరుక్షణం గోతిలోంచి నీళ్లు మనిషి ఎత్తున లేచాయి. జనం పరిగెత్తారు. డేవిడ్‌రాజు మిషను ఆపి కిందికి దూకాడు. నేను మాత్రం సూరయ్య మొహమే చూస్తున్నాను. అనుకున్నట్టే మారింది. రక్తం లేని మొహమైంది. ఒక్క నిమిషం, అచ్చంగా ఒక్క నిమిషం, నా ప్రాణం హాయిగా ఉంది.

అప్పుడు వాడు అందరూ పరిగెత్తే వైపు కాకుండా గోతి వైపు పరిగెత్తాడు. ఏ గొట్టమో చూద్దామని. నేను నేర్పిందే అది. గొట్టం పగిలితే ముందు అదేదో చూడాలి, తర్వాత వాల్వు వెతకాలి. అంచు మీద వంగి చూస్తుండగా అంచు అంతా వాడితో సహా లోపలికి జారిపోయింది.

నేను బల్ల మీంచి లేచి నిలబడ్డాను.

నడుం దాకా బురదలో కూరుకుపోయాడు. డేవిడ్‌రాజు తాడు విసిరాడు, నలుగురు పట్టి లాగారు. బంకమట్టి కాళ్లు వదలడం లేదు. నీళ్లు మాత్రం ఆగడం లేదు, వాడి రొమ్ము దాకా వచ్చాయి. సుహాసిని ఫోన్లో అరుస్తోంది, కొండ మీద రిజర్వాయరు కట్టేయమని. కట్టినా లాభం లేదు. అక్కణ్నుంచి ఇక్కడిదాకా నాలుగు కిలోమీటర్ల గొట్టంలో ఉన్న నీళ్లన్నీ ఈ గోతిలోకే వస్తాయి.

“దగ్గర్లో వాల్వు ఏటైనా ఉన్నాదా సూరయ్యా?” అని డేవిడ్‌రాజు అరిచాడు.

“లేదు! ఇక్కడ లైనే లేదు!” అని సూరయ్య గోతిలోంచి ఏడుస్తూ అరిచాడు. నేను చెప్పిన మాటనే వాడు ప్రాణం పోయేటప్పుడు కూడా నమ్ముతున్నాడు.

నేను ఒక తాపు తన్నితే బల్ల అవతల పడింది. గునపంతో పలక లేపాను. గునపమూ వాల్వు కీ కూడా ఎప్పుడూ నా స్కూటర్‌కి కట్టే ఉంటాయి. కీ గోతిలోకి దింపి తిప్పడం మొదలెట్టాను. ముప్పై నాలుగేళ్ల వాల్వు వెన్నలా తిరిగింది. ఇరవై ఎనిమిది తిప్పులు. అటు నుంచి కేకలు వినిపిస్తున్నాయి. మెడ దాకా, మెడ దాకా అంటున్నారు. పదిహేను. నారాయణమ్మ “ఓలమ్మో, ఓలమ్మో” అని గుండెలు బాదుకుంటోంది. ఇరవై. పైడితల్లికి మొక్కలేదు, ఏ దేవుడికీ మొక్కలేదు, సూరిగా సూరిగా అనుకుంటూ తిప్పాను. ఇరవై ఎనిమిది. కీ ఆగిపోయింది.

కేకలు కూడా ఆగిపోయాయి. తర్వాత ఎవరో నవ్వారు, లేక ఏడ్చారో. మట్టిని పారలతో తీసి, తాడు వేసి లాగితే పది నిమిషాలకు సూరయ్య బయటికి వచ్చాడు. చెప్పులు లేవు, కుడిచెయ్యి వేలాడిపోతోంది. ఊపిరి మాత్రం ఉంది. నలుగురూ మోసుకొచ్చి దగ్గర్లో ఉన్న నారాయణమ్మ బల్ల ఎత్తి వేసి దాని మీదే కూర్చోబెట్టారు. కూర్చున్నవాడి ఎదురుగానే నోరు తెరిచి ఉంది వాల్వు గొయ్యి. లోపల నా కుంకుమ బొట్టు ఎర్రగా, నా బంతిపూల దండ ఎండిపోయి.

నారాయణమ్మ వాడికి వేడి టీ పట్టిస్తూ అంది: “మీ బావ పుణ్యం నాయనా. ఏటేటా దసరాకి ఇక్కడ పూజ సేస్తాడు. మొన్న కూడా ఎట్టాడు కదా పువ్వులు. ఆ పూజే నిన్ను కాసింది.”

సూరయ్య ఆ దండ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. గునపంతో భూమిలోపల చప్పుళ్లు వినడం నేర్పాను వాడికి. ఇది వినపడకుండా ఉంటుందా? వాల్వు ఉందంటే లైను ఉన్నట్టే. పువ్వులు ఉన్నాయంటే నాకు తెలిసినట్టే. వాడు టీ తాగాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇంతలో కారు దిగి మురళీమోహన్ వచ్చాడు. మొత్తం పనికి అధికారి ఆయన, బెజవాడ మనిషి. జరిగింది డేవిడ్‌రాజు చెప్పగా విని, సరాసరి నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ మీరు? మ్యాపులో లేని వాల్వు కళ్లు మూసుకుని కట్టేశారట! మనిషి ప్రాణం నిలబెట్టారు.” అంటూ, ఎవరో నీళ్లలోంచి తీసి బల్ల చివర పెట్టిన తెల్ల టోపీ అందుకుని నా తల మీద పెట్టాడు. “రేపట్నుంచి మీరే మాకు దారి చూపించాలి.”

టోపీ లోపల తడిగా ఉంది. చల్లటి బురదనీళ్లు నా చెవుల వెనకనుంచి కారాయి. ఇన్ని నెలలుగా నేను కోరుకున్నది ఇదే.

తర్వాత ఆయన సూరయ్య వైపు తిరిగాడు. గొంతు మారింది. “ఇక్కడ ఏమీ లేదని సంతకం పెట్టింది నువ్వేనా?”

“నానే సార్.”

సుహాసిని ముందుకు వచ్చింది. “పెద్దవాళ్లని అడిగి సంతకం పెట్టమన్నాను కదా సూరయ్యగారూ. మీ బావగారిని అడగలేదా?”

సూరయ్య విరిగిన చేతిని ఒళ్లో సర్దుకున్నాడు. నావైపు చూడలేదు.

“లేదమ్మా. నాను అడగలేదు. నాకే అంతా తెలుసనుకున్నాను,” అన్నాడు. “అడిగుంటే సెప్పీవోడు మా బావ. అలాటోడు కాదు.”

మురళీమోహన్ తల పంకించాడు. సుహాసిని కాగితాలు మూసేసింది. సూరయ్య ఉద్యోగం, పేరు, పేపర్లో ఫొటో, అన్నీ ఆ ఒక్క మాటతో గోతిలోకి పోయాయి. నేను నోరు మూసుకుంటే చాలు. నా తల మీద టోపీ ఉంటుంది, ఇంట్లో అద్దం ఖాళీ అవుతుంది, రిటైరయ్యాక కూడా నన్ను పిలుస్తూనే ఉంటారు.

కానీ నాకు మళ్లీ కడుపు మండింది. నిజం చెబుతున్నాను, అది పశ్చాత్తాపం కాదు, పాత మంటే. చెయ్యి విరగ్గొట్టుకుని, చావు తప్పి వచ్చి, ఆ బల్ల మీద కూర్చుని, వాడు నన్ను కాపాడుతున్నాడు! రేపు నేను టోపీ పెట్టుకున్న ప్రతిసారీ అది వాడు పెట్టిన టోపీ అవుతుంది. టోపీ నాకిచ్చి మంచితనం మొత్తం వాడు పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోవాలా? అందులో నాకు ముక్కైనా మిగలనివ్వడా?

టోపీ తీసి వాడి ఒళ్లో పెట్టాను.

“అడిగాడు సార్,” అన్నాను. “మంగళారం పొద్దున్న, ఈ బల్ల మీదే, టీ ఇప్పించి మరీ అడిగాడు. తెలిసుండి నానే లేదన్నాను.”